మీసం గ్యారంటీ

నా ప్రేమకథలో విలన్ ఒక నట్టు. సింకు కింద, పైపుకీ కొళాయికీ మధ్య ఉండే ఇత్తడి నట్టు. దాన్ని మూడుసార్లు బిగించాను. మూడుసార్లూ అది నా పరువు గంగలో కలిపింది.

నేను ప్లంబర్ని. చేతిలో ఎప్పుడూ పానా ఉంటుందని వీధిలో అందరూ నన్ను పానా అనే పిలుస్తారు. మా షాపు ఎదురుగా ఎనభై వాటాల బిల్డింగ్ ఉంది. అది కట్టినప్పుడు పైపులు వేసింది మా నాన్న. ఆయన పోయాక ఆ పైపులకి నేనే దిక్కు. ఇప్పటికీ ఏ గోడలో ఏ పైపు ఎటు తిరిగిందో కళ్ళు మూసుకుని చెప్తాను.

ఒకరోజు పొద్దున్నే ఆరింటికి ఫోన్ మోగింది.

"ప్లంబర్ గారా? ఐదో అంతస్తు నుంచి. మా వంటింట్లో కొళాయి కారుతోంది. సెకనుకి రెండు చుక్కలు."

"లెక్కపెట్టారా?"

"పెట్టాను."

నాకు నవ్వాగలేదు. "చుక్క కోసం ఆరింటికి లేపారా మేడమ్? పైపు పగిలినప్పుడు చెప్పండి, పరిగెత్తుకొస్తా."

"నవ్వడం అయ్యాక రండి. పళ్ళు తోముకునేటప్పుడు మీ కొళాయి కట్టేసుకోండి." ఫోన్ పెట్టేసింది.

చచ్చినట్టు తోముకున్నాను. కొళాయి కట్టేసే తోముకున్నాను. ఎందుకో ఇప్పటికీ తెలీదు.

అరగంటలో వెళ్తే తలుపు తీసింది ఆమె. చెవి వెనక పెన్సిల్, చేతిలో నీళ్ళతో నిండిన గ్లాసు.

"ఏంటండీ ఇది?"

"మీరు ఫోన్లో నవ్వినప్పటి నుంచి పడ్డ చుక్కలు. తాగండి."

తాగాను. ఇంకేం చేస్తాను? ఆ కళ్ళు చూస్తూ వద్దనే ధైర్యం లేదు.

ఆమె స్కూల్లో సైన్స్ టీచర్. రెండు నెలల కిందటే నానమ్మతో కలిసి ఆ బిల్డింగ్‌లోకి దిగింది. దిగిన వారానికే నీళ్ళ కమిటీ సెక్రటరీ అయింది, ఇంకెవరూ ముందుకు రాలేదు కాబట్టి. మన ఊళ్ళ సంగతి తెలిసిందేగా. వాన పడితే రోడ్డు మీద మోకాళ్ళ లోతు నీళ్ళు, వారం ఎండ కాస్తే ట్యాంకర్ ముందు బకెట్లతో కొట్లాట. బిల్డింగ్‌లో బోరు ఎండి ఏడాదైంది. అయినా ప్రెసిడెంట్ గారు రోజూ గంటసేపు పైపు పెట్టి కారుకి తలంటు పోసేవారు. ఈవిడ ఒకరోజు ఆ పైపు చుట్టచుట్టి చంకలో పెట్టుకుని, ఆయన చేతిలో అరబకెట్ నీళ్ళు, ఒక గుడ్డ పెట్టింది. అప్పటినుంచి ఆయన ఈవిణ్ణి చూసినప్పుడల్లా పళ్ళు నూరుతూనే ఉన్నారు.

నేను కొళాయి వాషర్ మార్చి, పనిలో పనిగా సింకు కింద నట్టు కూడా బిగించి లేచాను.

"ఎన్నాళ్ళు ఆగుతుంది?" అంది.

అక్కడే నోరు జారాను. మీసం మెలేసి మరీ జారాను. "నేను చెయ్యి పెట్టింది మళ్ళీ కారితే ఈ మీసం తీసేస్తా మేడమ్!"

మర్నాడు బిల్డింగ్ నోటీసు బోర్డు మీద చక్కటి అక్షరాలతో 'ప్లంబర్ గారి మీసం గ్యారంటీ' అని రాసి ఉంది. కింద తేదీ కూడా.

పది రోజుల తర్వాత మళ్ళీ ఫోన్. "సింకు కింద కారుతోందండీ."

వెళ్ళి చూస్తే నిజమే. నట్టు వదులైంది. కింద బకెట్.

"పైపులో గాలి పట్టి ఉంటుంది," అన్నాను గంభీరంగా.

"అలాగా? సైన్స్‌లో మాకు చెప్పలేదే!" పెదవి బిగబట్టి నవ్వాపుకుంటోంది. "మీసం సంగతి?"

"ఒక్క ఛాన్స్ ఇవ్వండి మేడమ్. మా నాన్న పెంచుకోమన్న మీసం."

"సరే, ఇచ్చాను. ఈ బకెట్ బాల్కనీలోకి తెస్తారా?"

బాల్కనీ నిండా టమాటా మొక్కలు. బకెట్‌లో నీళ్ళు మగ్గుతో ఒక్కో మొక్కకీ పోస్తూ, ఏ మొక్క మొండిదో ఏది సుకుమారమో చెప్పింది. బిగించడానికి పట్టింది రెండు నిమిషాలు. నేను బయటపడేసరికి గంటన్నర అయింది. మెట్లు దిగుతూ ఈల వేస్తున్నానని కింద వాచ్‌మన్ చెప్తేగానీ తెలీలేదు నాకు.

ఇంకో పది రోజులకి మళ్ళీ అదే నట్టు. ఈసారి నేను వెళ్ళేసరికి జోరున వాన. ఆమె ఇంట్లో ఉన్న గిన్నె, బిందె, టబ్బు అన్నీ బాల్కనీ అంచున వరసగా పెట్టి వాననీళ్ళు పట్టుకుంటోంది.

"నట్టు తర్వాత చూద్దురుగాని. ఆ టబ్బు నిండింది, పట్టండి!"

ఎవరైనా ప్రేమలో పడితే వానలో చేతులు పట్టుకుని తిరుగుతారు. మేం టబ్బులు మోశాం. ముప్పావుగంట మోశాం. ఆమె జుట్టంతా తడిసి మొహానికి అంటుకుంది. అప్పుడు తెలిసింది నాకు, పని అయిపోయింది. పైపు పని కాదు, నా పని. ఆమె అంటే నాకు పిచ్చి ఇష్టం.

చెప్దామని నోరు తెరిచాను. "మేడమ్..."

"ఆఁ?"

"ఈ నట్టు... క్వాలిటీ బాలేదు."

థూ నా బతుకు.

"అబ్బాయ్, నువ్వు బిగిస్తున్నావా, నిమురుతున్నావా?" లోపల్నుంచి నానమ్మ గొంతు. "రాత్రంతా టపటప చప్పుడు. నాకు నిద్ర లేదు!"

"ఈసారి చూడండి మామ్మగారూ!" అని ఒళ్ళంతా బలం పెట్టి బిగించాను. కొత్త నట్టే వేశాను.

పన్నెండు రోజులు ఆగింది. పదమూడో రోజు కారింది. ఖర్మకాలి అదే రోజు ఏదో సంతకం కోసం ప్రెసిడెంట్ గారు వాళ్ళింటికెళ్ళి, సింకు కింద బకెట్ చూశారు. చూసి, పండగ చేసుకున్నారు. సాయంత్రానికల్లా నోటీసు బోర్డు మీద ఇంకో కాగితం: ఆదివారం మీటింగ్. విషయం: కొత్త ప్లంబర్.

ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. పోయేది పని ఒక్కటే అయితే బాధ లేదు. ఆ గోడల్లో ఉన్నవి మా నాన్న పైపులు. వాటి మీద ఇంకెవరో పానా పెడతారు, 'ముందున్నవాడికి చేతకాలేదట' అంటారు. నా చేతి మీద నాకే అనుమానం వచ్చేసింది.

ఆదివారం మీటింగ్‌కి గంట ముందు, ఆఖరిసారి చూద్దామని ఐదో అంతస్తుకి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. వంటింట్లోంచి మూలుగు వినిపించింది. తొంగిచూస్తే సింకు కింద సగం దూరి నానమ్మ! చేతిలో పానా!

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టేశాను.

"మామ్మగారూ! మీరా? నేనేం పాపం చేశానండీ? నెలరోజులుగా నట్టు విప్పుతోంది మీరా!"

ఆవిడ తల బయటికి తీసి నా వైపు ఉరిమి చూసింది. "ప్లంబర్‌వేనా నువ్వు? నా చెయ్యి ఎటు తిరుగుతోందో చూడు!"

చూశాను. బిగించే వైపు తిరుగుతోంది.

"విప్పేది నేను కాదురా బాబూ! అది విప్పుతుంది, నేను బిగిస్తాను, మళ్ళీ అది విప్పుతుంది. ఈ నట్టుతో నా నడుం పడిపోయింది!"

"అది అంటే?"

నానమ్మ నా వెనక్కి చూసింది. నేనూ తిరిగాను. గుమ్మంలో ఆమె, మీటర్ల రీడింగ్ పుస్తకం గుండెలకి హత్తుకుని, తేలుకుట్టిన దొంగలా నిలబడి ఉంది.

"మీరా?" అన్నాను.

"ఏం చెయ్యమంటారు మరి?" అంది గోడకేసి చూస్తూ. "మీరు పని అవ్వగానే వెళ్ళిపోతారుగా."

"ఫోన్ చెయ్యొచ్చుగా!"

"చేసి ఏమనాలి? 'ఏ లీకూ లేదండీ, ఊరికే రండి' అనాలా?" చటుక్కున నా వైపు తిరిగింది. "ఒక్క చుక్క వృథా చెయ్యలేదు, తెలుసా? బకెట్ పెట్టాకే విప్పాను! అన్నీ మొక్కలకే పోశాను."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చెడిపోయింది నా చెయ్యి కాదు! ఆ సంతోషంలో నానమ్మ కాళ్ళకి దండం పెట్టేశాను కూడా.

"మీటింగ్‌లో నిజం చెప్పేస్తా," అంది ఆమె మెల్లగా.

"వద్దు. సెక్రటరీయే నట్టు విప్పిందంటే మీ మాట ఎవరు వింటారు? సాయంత్రానికల్లా ప్రెసిడెంట్ గారి కారు పైపు బయటికొస్తుంది. ఆయన్ని చూసి మిగతా డెబ్భై తొమ్మిది ఇళ్ళూ మొదలుపెడతాయి. నేనే ఒప్పుకుంటాను."

"మరి మీ పని? మీ నాన్నగారి పైపులు?"

మెట్లు దిగి బయటికి వచ్చేశాను. తిన్నగా మంగలి షాపుకి వెళ్ళి కూర్చున్నాను. మా నాన్న పెంచుకోమన్న మీసం రెండు నిమిషాల్లో కింద పడింది.

మీటింగ్‌లోకి అడుగుపెట్టగానే హాలంతా గొల్లున నవ్వింది. ఎనభై ఇళ్ళవాళ్ళకీ ఆ నోటీసు కంఠతా వచ్చు.

"పూచీ నిలబెట్టుకున్నాడు, సంతోషం," అన్నారు ప్రెసిడెంట్ గారు తన మీసం దువ్వుకుంటూ. "తప్పు నీదేనని ఒప్పుకున్నట్టేగా?"

"అవునండీ. నాదే."

"కాదు."

ఆమె లేచి నిలబడింది. నా మొహం చూసి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి మాత్రం వృథాగానే పోయాయి.

"ఆయన బిగించింది ఎప్పుడూ కారలేదు. విప్పింది నేను. మూడుసార్లూ నేనే."

ప్రెసిడెంట్ గారి మొహం వెలిగిపోయింది. "ఎందుకమ్మా విప్పావు?"

ఆమె ఎర్రబడి తలొంచుకుంది. వెనక కుర్చీలోంచి నానమ్మ అందుకుంది. "ఎందుకేంటయ్యా? పెళ్ళీడు పిల్ల, పెళ్ళీడు పిల్లాడు, మధ్యలో ఒక నట్టు. ఇంకా విడమర్చి చెప్పాలా?"

ఈసారి నవ్విన నవ్వు వేరు. ఎవరో ఈల కూడా వేశారు.

"అయితే ఈ రూల్స్ అన్నీ మాకేనా?" ప్రెసిడెంట్ గారు వదల్లేదు. "రేపట్నుంచి నా కారు నేను పైపుతోనే..."

"తప్పు చేశాను, శిక్ష కూడా నేనే వేసుకుంటాను," అంది ఆమె తలెత్తి. "నెల రోజులు మీ కారు నేనే తుడుస్తాను. అరబకెట్ నీళ్ళతో."

ఆడపిల్ల అంత మాటన్నాక పైపు తెస్తే బాగుండదని ఆయనకీ అర్థమైంది. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కొత్త ప్లంబర్ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అందరూ వెళ్ళాక ఆమె నా ముందుకొచ్చి ఒక గ్లాసు నీళ్ళు అందించింది.

"ఇవెక్కడివి?"

"కొళాయివి. తిప్పి పట్టినవి. తాగండి."

తాగాను. నా బోడి మొహాన్నే చూస్తోంది.

"బాలేదు కదా?" అన్నాను.

"అస్సలు బాలేదు. పెరగడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"నెల."

"అయితే ఈ నెలంతా రోజూ వచ్చి చూపించండి. ఎంత పెరిగిందో రాసుకోవాలి." చెవి వెనక పెన్సిల్ తీసింది. "లీకు లేకపోయినా రావాలి."

నానమ్మ గుమ్మం దాకా నడిచి, మళ్ళీ వెనక్కి తిరిగి వచ్చి, చీర కొంగులోంచి పానా తీసి నా చేతిలో పెట్టింది.

"ఇంక నువ్వే బిగించుకో నాయనా. నా వల్ల కాదు."

ఆ నట్టు ఆ తర్వాత ఎప్పుడూ కారలేదు. నేను మాత్రం రోజూ వెళ్తూనే ఉన్నాను.