చెక్క దాహం

అసురసంధ్య!

పడమట సూర్యబింబం నెత్తుటి ముద్దలా తాటితోపుల వెనక్కి జారిపోయింది. మరుక్షణమే దిక్కులు పిక్కటిల్లేలా ఒక ఉరుము... ఆటుకు నీరు తీసిన రేవులో బురద నల్లగా నిగనిగలాడుతోంది. గిడ్డంగి కప్పు మీది గుడ్లగూబ మెడ వెనక్కు తిప్పి, రేవు చివరనున్న రేకుల షెడ్డు వైపు చూసి కర్ణకఠోరంగా కూసింది.

ఆ షెడ్డులో ఒక పడవ!

పడవ అనడం కూడా దాని మీద గౌరవం కొద్దీ అనాల్సిన మాటే. ఒకప్పుడు తెరచాప ఎత్తితే రేవులో అన్నిటినీ వెనక్కి నెట్టిన ఆ పడవ, కొన్నేళ్ళుగా రేకుల కింద ఎండకు మాడి, రంగు పెచ్చులుగా ఊడి, ఎలుకలకు పురిటిగదిగా మారింది. పలకలు ఎండి ముడుచుకుపోయి వాటి మధ్య సందులు నోళ్ళు తెరిచాయి. ఈ సాయంత్రం ఆ సందుల్లోంచి దీపకాంతి గీతలు గీతలుగా బయట పడుతోంది. లోపల, తెరచాప స్తంభం మొదట్లో, బూడిదతో గీసిన వలయం మధ్య నల్లగుడ్డ కప్పిన కపాలం ఒకటి ఉంది. దాని ముందు ఒక క్షుద్రోపాసకుడు పద్మాసనంలో కూర్చుని ఉన్నాడు.

పగలు అతను రేవు గిడ్డంగిలో తూకాల గుమాస్తా. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని ఎదురొచ్చిన ప్రతివాడికీ నమస్కారం పెట్టే మనిషి. పొద్దు వాలితే మాత్రం... ప్రేతగణాలను పేరు పెట్టి పిలిచే మాంత్రికుడు! పిల్లికి కూడా బిచ్చం పెట్టడని రేవులో అందరూ నవ్వుకుంటారు. ఆ పిసినారితనం ఎంతదాకా పోయిందో తెలిస్తే ఎవరికీ నవ్వొచ్చేది కాదు.

అతనికి ఎదురుగా కళ్ళు మూసుకుని కూర్చున్నది మరదలు, అతని తమ్ముడి భార్య. తెరచాపలు కుట్టి పొట్టపోసుకునే మనిషి. పడవ ఆమె భర్తది. ఆయన ఈ రేవులో పేరున్న పడవల మేస్త్రీ. తుఫానులో సముద్రం మింగేసిందని, శవం కూడా దొరకలేదని ఆమె నమ్మింది. అలా చెప్పి, ఆమెను ఓదార్చి, కర్మకాండ ఖర్చు మిగిలిందని లోలోపల సంతోషించినవాడు ఈ అన్నగారే.

"భయపడకు అమ్మాయ్. వాడొచ్చేది నీ ఒంట్లోకే కదా, పరాయి చోటికి కాదు" అన్నాడు గుమాస్తా.

"ఒక్కసారి మాట్లాడితే చాలు బావగారూ" అంది ఆమె.

బీజాక్షరాలు మొదలయ్యాయి... దీపశిఖ నీలివర్ణంలోకి తిరిగింది... ఆమె వెన్ను విల్లులా వంగింది! వేళ్ళు కొంకర్లు పోయాయి! గొంతులోంచి జంతువు పొలికేకలాంటి ఆర్తనాదం ఎగిసి, రేకులు గజగజలాడాయి. కళ్ళు తెరిచేసరికి వాటిలో నల్లగుడ్లు లేవు. పెదవుల మధ్య నుంచి మగ గొంతు వినిపించింది.

"ఎందుకు పిలిచావన్నయ్యా...?"

పరలోకపు తలుపు తెరుచుకున్న ఆ ఘోరముహూర్తాన మాంత్రికుడు అడిగిన మొదటి ప్రశ్న ఇది: "పలకలు ఎన్ని మార్చాల్రా? ఉన్నవాటితో సరిపెట్టలేమా?"

నమ్మశక్యం కాకపోయినా అదే అతని పథకం. దగ్గరి రక్తసంబంధీకుణ్ణి చంపి, ఆ కపాలాన్ని తెరచాప స్తంభం కింద స్థాపించి, చివర్లో ఒక బలి ఇస్తే, ఆ ఆత్మ పడవకు దాస్యం చేస్తుంది. పడవ గాలి లేకపోయినా నడుస్తుంది, ఎదురుగాలిలోనూ నడుస్తుంది. రేవులో మిగతా పడవలన్నీ గాలి కోసం చేతులు ముడుచుకు కూర్చుంటే సరుకంతా అతనిదే! కానీ శిథిలమైన పడవను బాగుచేయాలంటే మేస్త్రీ కావాలి, మేస్త్రీకి కూలి ఇవ్వాలి. చచ్చిన మేస్త్రీ అయితే కూలి అడగడు. పైగా పిలిచిన ప్రేతం అడిగినదానికి అబద్ధం చెప్పదు, చెప్పిన పనికి ఎదురు చెప్పదు. అడగనిదాన్ని మాత్రం నోరు విప్పి చెప్పదు. ఈ చివరి సంగతి అతనికి తెలుసు, కానీ అంతగా పట్టించుకోలేదు.

ఆమె ఒళ్ళు స్వాధీనంలోకి వచ్చేసరికి చేతుల నిండా రంపపు పొట్టు ఉంది. అరచేతులు బొబ్బలెక్కి మండుతున్నాయి. వచ్చినవాడు ఉన్నంతసేపూ ఆమె లేదు. ఆయన మాట ఒక్కటి కూడా ఆమె చెవిన పడలేదు.

"ఏమన్నారు బావగారూ? నా గురించి ఏమైనా అడిగారా?"

గుమాస్తా ఉలులు తుడుచుకుంటూ అన్నాడు: "అడక్కేం. చీకట్లో కుట్టుకోవద్దని చెప్పమన్నాడు. కళ్ళు పోతాయిట."

ఆమె మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. ఆ మాట అతను అప్పటికప్పుడు అల్లిన అబద్ధం.

ఆ రోజు నుంచి ప్రతి అసురసంధ్యకూ ఆవాహన! ప్రేతం ఆమె చేతులతో బాడిస పట్టి పుచ్చిన చెక్క చెక్కింది, చిత్రిక పట్టింది, మేకులు దిగ్గొట్టింది. గుమాస్తా ఊరి పాత తలుపుల మేకులన్నీ పీకి తెచ్చి, వంపులు సరిచేసి ఇచ్చాడు. ఎవరి ఇంటికి రంగు వేసినా డబ్బా అడుగున మిగిలింది అడుక్కొచ్చాడు. పడవ ఒక పక్క ఆకుపచ్చగా, ఇంకోపక్క గోడల గులాబీరంగులో తయారైంది. పాత టార్పాలిన్లు, లారీ పరదాలు కలిపి మరదలే తెరచాప కుట్టింది. పగలు సూదితో ఆమె పని, సాయంత్రం సుత్తితో ఆమె ఒంటి పని. మనిషి చిక్కి శల్యమైపోయింది. అయినా రోజూ తల దువ్వుకుని వచ్చేది... ఆయన వస్తాడని!

పలకల సందులు పూడ్చే రోజు వచ్చింది. పాత నూలు దారాలకు గుగ్గిలం పట్టించి ఉలితో సందుల్లోకి దూర్చి కొట్టే పని అది.

"ఇదిగో, ఈ పని ఏటేటా మళ్ళీ చేయిస్తూ కూర్చోలేను" అన్నాడు గుమాస్తా. "ఒక్కసారికే శాశ్వతంగా తీరిపోవాలి. సున్నం కూడా కలిపి కొట్టు. రాయిలా బిగించు!"

ఆమె శిరస్సు మెల్లగా అతని వైపు తిరిగింది. ఆ తెల్లని కళ్ళల్లో ఏదో తళుక్కుమని మాయమైంది.

"రాయిలాగేనా అన్నయ్యా?"

"రాయిలాగే! సందుల్లోంచి నీళ్ళు రావుగా?"

"సందుల్లోంచి చుక్క కూడా రాదన్నయ్యా."

అది అక్షరాలా నిజం. ఆ సాయంత్రం మొదలైన సుత్తి దెబ్బలు చాలాసేపు ఆగలేదు. పిడుగుల మధ్య ఆ చప్పుడు వింటూ గుమాస్తా తృప్తిగా తల పంకించాడు.

రేపు పడవను నీళ్ళలోకి దించుతారనగా, గుమాస్తా తూకాల దగ్గర ఉన్న వేళ, తాడు కొలుచుకోవడానికి ఆమె ఒంటరిగా షెడ్డుకు వచ్చింది. స్తంభం మొదట్లో కొత్తగా బిగించిన పెట్టె కనిపించింది. పక్కనే కత్తి... తళతళలాడే కొత్త కత్తి! వంగిన మేకులు సరిచేసి వాడుకునే మనిషి కత్తి మాత్రం కొత్తది కొన్నాడు. ఆమెకు అనుమానమేసింది. పెట్టె మూత తీసి నల్లగుడ్డ తొలగించింది.

కపాలం!

కెవ్వుమని అరవబోయి ఆగింది. ముందుపళ్ళలో ఒకదాని అంచున చిన్న గాడి ఉంది. ఏళ్ళ తరబడి మేకులు పళ్ళ మధ్య పట్టుకుని పనిచేసిన మనిషికి పడే గాడి. ఆ గాడి మీద ఆమె ఎన్నిసార్లు వేలు పెట్టి ఆటపట్టించిందో లెక్కలేదు. కపాలాన్ని తిప్పింది. వెనకవైపు నలుచదరంగా ఒక రంధ్రం... బాడిస వెనకుండే సుత్తి మొన అంత!

సముద్రం కాదు. సముద్రం పాపం ఎరగదు. అన్నే చంపాడు! ఇన్నాళ్ళూ తన చేతులతోనే తన భర్తకు చెరసాల కట్టించాడు. స్తంభం కింద కపాలం పెట్టి నెత్తురు బలిస్తే ఆత్మ పడవకు కట్టుబడుతుందని రేవులో చెప్పుకునే కథ ఆమెకూ తెలుసు. రేపటితో ఆయన ఇందులో శాశ్వత దాసుడు. ఆ కొత్త కత్తి తన మెడకే అని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఆమె పడవ గోడకు ఆనుకుంది. అరచేయి పలకల సందు మీద పడింది. రాయి! చేయి జరిపి చూసింది. ఎక్కడా రవ్వంత మెత్తదనం లేదు. ఎండి ముడుచుకుపోయిన చెక్క మధ్య ఈ మూల నుంచి ఆ మూలదాకా రాయి...

ఆమె ఏడుపు ఆగిపోయింది. పెళ్ళయిన కొత్తలో ఆయన పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిన మాట గుర్తొచ్చింది. "ఎండిన చెక్కకి దాహమెక్కువే. నీళ్ళలో పడగానే తాగి ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటు వదిలి మెత్తగా పూడ్చాలి. గట్టిగా పూడ్చావో, చోటు లేక దాని పక్కటెముకలు అదే విరగ్గొట్టుకుంటుంది." అలాంటి మనిషి చేసిన పనా ఇది! నోరు కట్టేసిన ప్రేతం చెప్పగలిగినంత చెప్పింది. ఆమెతో ఆయన ఇన్నాళ్ళకు మాట్లాడాడు.

పారిపోవచ్చు. కానీ తను పోతే ఇంకొకరి ఒంట్లోకి ఆయన్ని లాగుతాడు. ఆమె కపాలాన్ని ఎలా ఉన్నదలా పెట్టి, గుడ్డ కప్పి, తాడు కొలుచుకుని ఇంటికి వెళ్ళింది.

మర్నాడు పోటు నీటికి పడవ రేవులోకి దిగింది. చుక్క నీరు రాలేదు! గుమాస్తా ముఖం విప్పారింది. స్తంభం చుట్టూ బూడిదతో వలయం గీసుకుని అందులో ఆసీనుడయ్యాడు. అస్తమయం దాకా జపం. ఈలోగా వలయం దాటాడా, కట్టుబడిన ప్రేతం అతన్నే కబళిస్తుంది. మరదలు ఒడ్డున తాడు పట్టుకుని నిలబడింది.

మధ్యాహ్నానికి పడవ లోపల ఎక్కడో కిర్రుమంది.

"ఏమిటా చప్పుడు అమ్మాయ్?"

"కొత్తగా నీళ్ళలో దిగింది కదా బావగారూ. సర్దుకుంటోంది."

కాసేపటికి ఫట్‌మని ఒక మేకు ఎగిరి అతని చెవి పక్కనుంచి దూసుకుపోయింది.

"ఇదేమిటి?"

"పాత మేకులు కదండీ" అంది ఆమె తాపీగా.

అసురసంధ్య! మేఘాలు నల్లని పర్వతాల్లా కమ్ముకున్నాయి. ప్రళయగర్జనలా ఉరుము! గుడ్లగూబలు గుంపులుగా లేచి రేవు విడిచి పారిపోయాయి. మాంత్రికుడు ఉచ్చస్వరంతో ఆఖరి ఆవాహన చేశాడు. ఆమె దేహం ఒక్క కుదుపుతో అదిరి, తెల్లని కళ్ళతో నీళ్ళలో నడిచి, పడవ ఎక్కి వలయం ఎదుట నిలిచింది. అతను ఒక చేత్తో ఆమె జుట్టు పట్టాడు. రెండో చేతిలో కత్తి మెరిసింది...

పడవ మూలిగింది. ఈ కొస నుంచి ఆ కొసదాకా, బతికున్న మనిషిలా మూలిగింది! పక్క పలకలు కళ్ళముందే ఉబ్బుతున్నాయి.

"ఏం జరుగుతోందిరా?" అని అరిచాడు.

"చెక్క నీళ్ళు తాగుతోందన్నయ్యా."

"తాగితే?"

"చోటు లేదు. విరుగుతుంది."

"ముందే ఎందుకు చెప్పలేదురా చండాలుడా!"

"నువ్వడగలేదన్నయ్యా."

పిడుగు పడ్డట్టు మహాధ్వని! పడవ పక్కటెముకలు వరసగా విరిగాయి. స్తంభం మొదలు గాల్లోకి లేచి, అంతే బలంగా కిందికి దిగింది. పెట్టె, అందులోని కపాలం, ఏళ్ళ తరబడి పోగేసిన సిద్ధులన్నీ ఆ దెబ్బకు పిండి! విరిగిన పలకలు లోపలికి మూసుకుని మాంత్రికుడి తొడలను కరిచి పట్టాయి. కత్తి జారిపోయింది. మంత్రం మీద మంత్రం జపించాడు. భూతాలు వినే భాష నీళ్ళకు పట్టలేదు. అవి తమ దారిన వచ్చాయి, నడుందాకా, గుండెదాకా...

"లాగరా తమ్ముడూ! ఆజ్ఞ! నా ఆజ్ఞ!"

కపాలం లేదు, ఆజ్ఞా లేదు. మునుగుతున్న పడవ అంచున ఆమె దేహం నిలబడి అతనికేసి చూసింది. ఎన్నాళ్ళ తర్వాతో ఆ మగ గొంతు ఎవరూ అడక్కుండా, తనంతట తాను మాట్లాడింది.

"అన్నయ్యా... దానికి చెప్పు. చీకట్లో కుట్టుకోవద్దని చెప్పు. కళ్ళు పోతాయి."

గుమాస్తా నోరు తెరిచాడు. ఉప్పునీళ్ళు నోటినిండా నిండాయి. తల మునిగిపోయింది.

ఆమెకు స్పృహ వచ్చేసరికి బురద ఒడ్డున పడి ఉంది. వాన దంచి కొడుతోంది. ఒంట్లో వెలితిని బట్టి ఆయన వచ్చి వెళ్ళాడని, ఇక రాడని అర్థమైంది. నాలుక మీద తుప్పు మేకు రుచి. వచ్చాడంటే ఏదో అనే ఉంటాడు!

"ఏమన్నారు బావగారూ?" అలవాటు కొద్దీ నీళ్ళకేసి అరిచింది. "నా గురించి ఏమైనా అడిగారా?"

రెండు బుడగలు పైకి వచ్చి పగిలాయి. ఆయన ఏమన్నాడో చెప్పడానికి, కనీసం అబద్ధమైనా చెప్పడానికి, ఇప్పుడు లోకంలో ఎవరూ మిగల్లేదు.

అలలు తెరచాపను ఒడ్డుకు తెచ్చి పడేశాయి. సగానికి చిరిగి ఉంది. ఆమె దాన్ని ఇంటికి ఈడ్చుకుపోయి, దీపం కూడా వెలిగించకుండా, చీకట్లోనే కుట్టడం మొదలుపెట్టింది.