రెండు ఇత్తడి బిరడాలు

1966 ఫిబ్రవరి 11. సాయంత్రం 4.10.

అల్లూరుకు తూర్పున, ఉప్పుటేటి గట్టు మీద, టార్పాలిన్ కింద డ్రైవర్ సమాధానం శవం.

పది గజాల అవతల అతను నడిపిన బండి. ఆరు చక్రాలు. ఒంటినిండా ఉక్కు రేకులు. సైనికులతో నేల మీదా నీళ్ల మీదా నడవాలని తయారుచేసిన కొత్త నమూనా. ఉదయం 9.40కి ఏట్లో దిగింది. నాలుగు నిమిషాల్లో మునిగింది. మధ్యాహ్నం రెండు గంటలకు వించీ యంత్రంతో లాగి, శవాన్ని బయటికి తీశారు.

జాలర్లు దాని నీడలో కూడా నిలబడటం లేదు. పైతలుపు లోపలివైపు బురద చేతుల ముద్రలు. ఒకదాని మీద ఒకటి.

ఇన్‌స్పెక్టర్ హజరత్తయ్య వాటిని ఎక్కువసేపు చూడలేకపోయాడు.

ఇంజనీరు పద్మనాభయ్య తడుముకోకుండా చెప్పాడు. లోపలి నీళ్లు వదలడానికి బండి అడుగున రెండు రంధ్రాలుంటాయి. ఏట్లో దిగేముందు వాటికి ఇత్తడి బిరడాలు బిగించాలి. డ్రైవర్ మరిచిపోయాడు. అవి అతని జేబులోనే ఉన్నాయి.

హజరత్తయ్య శవం జేబు గుండీ తీశాడు. రెండు బిరడాలూ ఉన్నాయి. తీసి పక్కన పెట్టి, జేబు అడుగున వేలితో తడిమాడు.

"రేపు జవాన్లతో జరగాల్సిన ట్రయల్?"

"జరుగుతుంది. రెండో బండి, పదిమంది జవాన్లు. తప్పు మనిషిది, బండిది కాదు" అన్నాడు పద్మనాభయ్య.

సమాధానం భార్య ఎస్తేరమ్మ ఏడవలేదు. నడిమి చక్రాల ఇరుసు దగ్గర రబ్బరు సీలు నీళ్లు ఆపడం లేదని తన భర్త రెండు వారాలుగా బాధపడ్డాడనీ, ఇంజనీరుగారికి చెబితే నోరు మూసుకోమన్నారనీ చెప్పింది.

మెకానిక్ పోలేరయ్యను హజరత్తయ్య పక్కకు పిలిచాడు.

"బిరడాలు బిగించాడా?"

"నా ఎదురుగానే బిగించినాడు సార్."

"బండి పైకొచ్చాక ముందు కిందికి దూరింది ఎవరు?"

"ఇంజనీరుగారు. మమ్మల్నందర్నీ కూడు తినమని పంపించినాడు."

5.30కి హజరత్తయ్య అందరినీ బండి దగ్గరికి రప్పించాడు. పోలేరయ్య బిరడాలు బిగించి, లోపల నలభై బిందెల నీళ్లు పోశాడు. బిరడాల దగ్గర చుక్క రాలేదు. నడిమి ఇరుసు నుంచి ధార కట్టింది.

"జేబులో అరంగుళం బురద పేరుకుంది" అన్నాడు హజరత్తయ్య. "మునిగేటప్పుడే జేబులో ఉంటే బరువైన ఇత్తడి బురద కింద ఉండాలి. ఇవి బురద మీద ఉన్నాయి. మరల్లో గ్రీజుకు బురద కూడా అంటలేదు. సమాధానం చచ్చిపోయాక వీటిని జేబులో పెట్టారు. పెట్టింది మీరు."

పద్మనాభయ్య ఇసుకలో కూలబడ్డాడు. కొత్త సీళ్లు రావడానికి మూడు నెలలు పడుతుందన్నారు. తేదీ ముందే ఖాయమైంది. ఆరేళ్ల డిజైన్ మూలపడుతుందని భయపడ్డాడు. ఇవన్నీ తలెత్తకుండా చెప్పాడు.

"లోపలినుంచి తలుపు కొట్టాడు. నీళ్ల అడుగునుంచి వినబడింది. నేను గట్టు మీద నిలబడే ఉన్నాను."

రేపటి ట్రయల్ ఆపమని హజరత్తయ్య వైర్‌లెస్‌లో కబురు పంపాడు. రేపటికోసం సిద్ధం చేస్తున్న రెండో బండి ఇంజను ఆపేశారు.

ఎస్తేరమ్మ ఇంజనీరు ముందుకు వచ్చి నిలబడింది.

"ఎంతసేపు కొట్టినాడు సార్?"

పోలేరయ్య తన చెవులు రెండు చేతులతో మూసుకుని జవాబిచ్చాడు.

"ఇంకా కొడతానే ఉన్నాడక్కా."