తొలి చెంచా

ఉదయం పదిలోపు చేయవలసినవి:

ఒకటి, అసలు సీసాను లాకర్‌లో దాచాలి.

రెండు, విదేశీ ముఠా మార్చిపెట్టిన సీసాను ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచాలి.

మూడు, దాన్ని సరిచూసుకోవడానికి వచ్చేవాళ్లను పట్టుకోవాలి.

నాలుగు, ఎనిమిది మంది పిల్లలకూ అసలు మందే అందాలి.

ఏజెంట్ ఆ చీటీని చదివి, నమిలి మింగేశాడు. ఇంటిల్లిపాదిలోనూ మొదటి డిగ్రీ అతనిదే. రాసిచ్చిన పని ఒక్కటీ తప్పడని డిపార్ట్‌మెంట్‌లో అతన్ని ‘గుమాస్తా’ అంటారు.

“పేగు గోడ కోటగోడ లాంటిదోయ్,” అని బ్రీఫింగ్‌లో చీఫ్ చెప్పాడు. “ఈ పిల్లలకు అది బీటలిచ్చింది. పల్లీ తింటే ఆ సందుల్లోంచి దూరి ప్రాణం మీదికి తెస్తుంది. మన ఆకు ఎక్స్‌ట్రాక్ట్ సందులు పూడుస్తుంది. ఆ ముఠా సీసాలోది ఇంకా తెరుస్తుంది. పదింటికి మందు తాగించి పల్లీ పెట్టి చూస్తారు. పిల్లలు పడిపోతే మన ఫార్ములా మట్టిపాలు.”

మూడు వారాలుగా అతను ఆ మందు పరీక్షించే ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్ వేషంలో ఉన్నాడు. గాజుసామాను కడిగే అక్క పని నేర్పింది. “ఇంత చదివావు, బీకర్ పట్టుకోవడం రాదేం తమ్ముడూ?” అని ఆటపట్టించేది. ఆమెకూ పల్లీ పడదు.

తొమ్మిది నలభై. నల్లకళ్లద్దాల సుందరి కోల్డ్‌రూమ్‌లోకి వచ్చింది. ఇన్నాళ్లూ డిపార్ట్‌మెంట్‌కు సమాచారం అందించింది ఆవిడే.

“గడియ వేశారా?” కోడ్ అడిగాడు.

“గొళ్లెం కూడా.” నవ్వి, ఫ్రిజ్‌లోని సీసా ఎత్తి చూసింది. అతని పెన్ కెమెరా క్లిక్‌మంది.

“చేతులెత్తండి మేడమ్. మీ ముఠా సీసా మార్చిన సంగతి నిన్ననే తెలిసింది.”

“తెలిసీ ఇక్కడే ఉంచారా? మరి చెంచాడు తగ్గిందేం?”

గుమాస్తాకు అక్క గుర్తొచ్చింది. ప్రతి కొత్త సీసాలోనూ తొలి చెంచా అక్కే తాగి, ఒక పల్లీ పలుకు కొరికేది. ఏ ఫైల్లోనూ లేని అలవాటు. “పసివాళ్ల నోట్లో పోసేముందు పెద్దవాళ్లెవరైనా తాగొద్దూ?” అనేది. ఇందాక ఆమె లోపలికి వెళ్లిరావడం అతను చూశాడు కూడా. లిస్టులోని మనిషి కాదని చూపు తిప్పుకున్నాడు.

సుందరి చేతికి, ఫ్రిజ్ హ్యాండిల్‌కి కలిపి బేడీలు వేసి పరుగెత్తాడు. సింకు పక్కన అక్క ఒరిగిపోయి ఉంది. పెదవులు వాచాయి, ఊపిరి అందడం లేదు. ఎమర్జెన్సీ ట్రేలోని అడ్రినలిన్ ఇంజెక్షన్ తీసి తొడలో పొడిచాడు. డాక్టర్లు ఆమెను అందుకున్నాక, తొమ్మిది యాభై తొమ్మిదికి అసలు సీసా నర్సు చేతిలో పెట్టాడు.

సాయంత్రం మంచం మీద అక్క కళ్లు తెరిచింది. “పిల్లలెవరూ ఆ సీసాలోది తాగలేదుగా? నువ్వు లేకపోతే పోయేదాన్ని తమ్ముడూ.”

‘సీసా మారిందని నాకు ముందే తెలుసక్కా’ అనకుండా అతను ఆమె దుప్పటి సర్దాడు.

‘ఆపరేషన్ విజయవంతం. ఎవరికీ హాని లేదు,’ అని చీఫ్ రిపోర్టు రాశాడు. గుమాస్తాకు పతకం వచ్చింది. మింగిన ఆ చీటీ మాత్రం ఇప్పటికీ అరగలేదు.

రేపు మీ ఇంట్లో ఏ బిడ్డయినా బెదురు లేకుండా పల్లీలు నములుతుంటే, పతకం పుచ్చుకున్నవాణ్ణి మరచిపోండి. తొలి చెంచా తాగిన ఆ అక్కను మాత్రం ఒక్కసారి తలుచుకోండి.