వినబడితే బటన్ నొక్కండి

డ్రమ్మర్‌ని చెవుల పరీక్షకు లాక్కొచ్చింది వాళ్లమ్మ. కాలింగ్ బెల్ ఎంతసేపు మోగినా కొడుకు లేచి తలుపు తీయడం లేదని ఆవిడ ఫిర్యాదు. అది వట్టి బద్ధకమని కొడుకు సంజాయిషీ. బద్ధకానికి పరీక్షలు లేవు, చెవులకు ఉన్నాయి. అందుకని ఆవిడ చెవుల్నే అనుమానించింది.

క్లినిక్‌లో పరీక్ష చేసే అమ్మాయి, తనని డాక్టర్ అనొద్దని ముందే చెప్పేసింది. ఆడియాలజిస్ట్ అనాలి. అంత మాటకి నోరు తిరగని ముసలివాళ్లంతా డాక్టరమ్మా అనే పిలుస్తారు. ఆమె ప్రతిసారీ ఓపిగ్గా దిద్దుతుంది. వాళ్లలో సగంమందికి ఆ దిద్దడం కూడా వినబడదు.

గోడలకు స్పాంజి అతికించిన చిన్న గది. లోపల ఒక కుర్చీ. బయట మిషన్ ముందు కూర్చున్న ఆమె కనబడేలా ఒక గాజు కిటికీ. అతని చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, చేతికి ఒక బటన్ ఇచ్చింది. అది నొక్కితే ఆమె మిషన్ మీద ఎర్రలైటు వెలుగుతుంది.

"వినబడితే నొక్కండి. వినబడకపోతే ఊరుకోండి."

అతను నొక్కాడు. శబ్దాలు మొదట గట్టిగా వచ్చాయి, తర్వాత సన్నబడ్డాయి. అతను నొక్కుతూనే ఉన్నాడు. కిటికీ అవతల ఆమె తల వంచుకుని మీట తిప్పుతోంది, చెవి పక్కకు జారిన జుట్టుని మాటిమాటికీ వెనక్కి తోసుకుంటోంది. ఆ తోసుకోవడంలో కూడా ఒక తాళం ఉందని అతను గమనించాడు. ఇలాంటివి గమనించడం అతని వృత్తి కాబట్టి ఇందులో తప్పు పట్టడానికేం లేదు.

కాసేపటికి ఆమె తలుపు తీసింది.

"మీ చెవులు చాలా బాగున్నాయండీ."

"థాంక్సండీ."

"మరీ బాగున్నాయి. మధ్యలో ఫోనొస్తే మాట్లాడాను. అప్పుడు నేను ఏ సౌండూ పంపలేదు. మీకు అది కూడా వినబడింది."

జరిగింది ఇదీ. ఆమెది నిలకడైన చెయ్యి. శబ్దానికీ శబ్దానికీ మధ్య అంతే ఎడం ఇస్తూ పోయింది. డ్రమ్మర్ చేతికి ఆ ఎడం దొరికిపోయింది. ఒకసారి తాళం దొరికాక ఆ చెయ్యి ఇక చెవి సలహా అడగదు. అతను మోసం చెయ్యాలనుకోలేదు. ఆమె ఇలాంటి పేషెంటుని అంతకుముందు చూడలేదు. మిషన్‌కి మాత్రం అతని చెవులు అద్భుతంగా నచ్చాయి.

తప్పు తనదేనని ఆమె ఒప్పుకుని, ఈసారి ఎగుడుదిగుడుగా పంపుతానని, మళ్లీ కూర్చోమంది. డ్రమ్మర్ చటుక్కున లేచి నిలబడ్డాడు. రిహార్సల్ ఉందన్నాడు. ఏం రిహార్సలని ఆమె అడక్కుండానే తన బ్యాండ్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

బ్యాండ్ పేరు ఐదో అంతస్తు. సాధన చేసేది ఒక సెల్లార్‌లో. ఇప్పుడున్న బ్యాండ్లలో యాభై ఏళ్ల తర్వాత కూడా జనం వినేది ఎవర్ని అని ఒక రేడియో స్టేషన్ పోటీ పెట్టింది. శ్రోతలు ఓట్లేసి ఐదు బ్యాండ్లను ఎంచితే, వాటి పాటల్ని ఉక్కుపెట్టెలో పెట్టి ఒక మ్యూజిక్ కాలేజీ గోడలో కట్టేస్తారు. యాభై ఏళ్లకు తెరుస్తారు. అప్పటికి ఆ పాటలు వినిపించే పరికరాలు ఉంటాయా అని మాత్రం ఎవరూ అడగలేదు. ఐదో అంతస్తు ఆ పెట్టెలోకి వెళ్లడం ఖాయమని డ్రమ్మర్ చెప్పి, ఆమెను ఓటు కూడా అడిగాడు.

ఆమె కొంచెం ఆలోచించింది. చెవికి మిషన్ కొత్తగా పెట్టినప్పుడు, మొదట ఏం వింటారని ప్రతి పేషెంటునీ అడగడం తన అలవాటని చెప్పింది. అందరూ పాటే అడుగుతారు. ఒక రిటైర్డ్ రైల్వే గార్డు చిన్నప్పటి సబ్బు ప్రకటన పాట అడిగి, విని, కళ్లు తుడుచుకుని వెళ్లాడు.

అవార్డులొచ్చిన పాటలు ఎవరూ అడగరా అన్నాడు డ్రమ్మర్. అడుగుతారట. సగంలో ఆపమంటారట.

"అంటే మేం గుర్తుండం అంటారు."

"యాభై ఏళ్ల తర్వాత మీ పాట జనం వింటారో లేదో నాకు తెలీదండీ. ఇలాగే వాయిస్తే మీరు మాత్రం వినరు."

వాళ్లమ్మ ఫీజు కడుతుండగానే డ్రమ్మర్ మెట్లు దిగి వెళ్లిపోయాడు.

అతనికి కోపం వచ్చిందనుకున్నారు అందరూ. నిజానికి వచ్చింది భయం. సెల్లార్‌లోంచి బయటికొచ్చాక చెవుల్లో హోరు ఈమధ్య తెల్లారేదాకా తగ్గడం లేదు. ఆ సంగతి అతను తల్లికి చెప్పలేదు, బ్యాండుకి చెప్పలేదు. చెవులు పోతే డ్రమ్ములు పోతాయి. డ్రమ్ములు పోతే తనకింకేం చేతకాదు. పరీక్ష చేయించుకోనంత కాలం చెవులు బాగానే ఉన్నట్టు లెక్క అని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. ఆ అమ్మాయి చెప్పిన మాటను పెడచెవిన పెట్టాలని గట్టిగా అనుకున్నాడు గానీ, అది రెండు చెవుల్లోనూ ఉండిపోయింది.

తర్వాత ఉన్నట్టుండి అతనికి స్నేహితుల ఆరోగ్యం మీద శ్రద్ధ పుట్టింది. గాయకుణ్ని పరీక్షకు తీసుకొచ్చాడు. ఆనక గిటారిస్టుని. వాళ్ల చెవులు నిక్షేపంగా ఉన్నాయి. మీ సంగతేంటని ఆమె అడిగినప్పుడల్లా, వచ్చేవారం చూద్దాం అనేవాడు. ఆమె జుట్టు వెనక్కి తోసుకుని సరే అనేది. ఎప్పుడొచ్చినా ఆ కుర్చీ ఖాళీగానే ఉంటుందనేది. అది ఆహ్వానమో హెచ్చరికో అతను దారి పొడవునా తేల్చుకోలేకపోయేవాడు.

వాళ్లు లోపలుంటే అతను వరండాలో కూర్చునేవాడు. పక్క కుర్చీలో ఆ అమ్మాయి అమ్మమ్మ. వాళ్లిల్లు క్లినిక్ పైనే. మనవరాలు పెట్టిన మిషన్ ఆవిడ చెవికి ఉంది గానీ, బ్యాటరీ ఆదా పేరుతో ఎక్కువసేపు ఆపే ఉంచుతుంది. డ్రమ్మర్ తన బ్యాండు గురించి మొదలుపెట్టగానే ఆవిడ చెయ్యి చెవి దగ్గరికి వెళ్లేది. అతనికి డప్పులబ్బాయి అని పేరు పెట్టింది కూడా ఆవిడే.

మిషన్ పెట్టినరోజు ఆవిడా ఒక పాట అడిగిందట. వాళ్లాయన చెప్పుల షాపులో సేల్స్‌మన్‌గా ఉన్నప్పుడు, షాపు ముందు ఫుట్‌పాత్ మీద ముగ్గురు కుర్రాళ్లు వాయించేవాళ్లు. కొన్నాళ్లకు ఎటో వెళ్లిపోయారు. వాళ్ల పేరేంటో ఎవరికీ తెలీదు. మనవరాలు ఎన్ని చోట్ల వెతికినా రికార్డు దొరకలేదు. దాంతో ఆవిడే పాడుకుంది.

"పేరుతో నాకేం పని నాయనా," అందావిడ. "ఆయన చెప్పుల డబ్బాలు సర్దుతూ ఆ పాటకి తలూపేవాడు. అదీ నాకు కావాల్సింది." అని ఆ పాట కూనిరాగం తీసింది. చక్కటి పాట. డ్రమ్మర్ చెయ్యి కుర్చీ పిడి మీద దానంతటదే తాళం వేసింది. ఆ రోజు ఆవిడ మిషన్ ఆపలేదు.

ఓటింగ్ ముగిసే ముందు ఐదో అంతస్తుకి ఒక మైదానంలో ప్రోగ్రాం ఉంది. డ్రమ్మర్ క్లినిక్‌కొచ్చి, బ్యాండు తరఫున అందరినీ పిలుస్తున్నామని, ఆమె వస్తే బాగుంటుందని చెప్పాడు. అందరినీ అంటే ఆమెనొక్కదాన్నే. వస్తానంది.

వచ్చింది. రెండో వరసలో కూర్చుంది. గాయకుడు మైకు పట్టుకోగానే, బ్యాగులోంచి నారింజ రంగు ప్లగ్గులు తీసి రెండు చెవుల్లోనూ పెట్టుకుంది. స్టేజీ మీంచి డ్రమ్మర్‌కి ఆ రంగు తప్ప ఇంకేం కనబడలేదు. తలకొట్టేసినట్టయింది. చేతిలో కర్ర జారి కింద పడింది. ఇంకోటి తీసుకుని వాయించాడు గానీ, ప్రోగ్రాం అవగానే కిందికి దిగకుండా వెనకనుంచే వెళ్లిపోయాడు. ఆమె స్టేజీ దగ్గరే చాలాసేపు నిలబడిందని గాయకుడు తర్వాత చెప్పాడు. సంగీతమంటే చెవి కోసుకునేవాడి ముందు చెవులు మూసుకున్న మనిషి గురించి మాట్లాడొద్దని డ్రమ్మర్ అన్నాడు. స్నేహితుల చెవుల మీద శ్రద్ధ కూడా ఆ రోజుతో పోయింది.

రేడియోలో ఫలితాలొచ్చాయి. ఐదింటిలో ఐదో అంతస్తు లేదు. మొదటి స్థానం, పియానో మీద పిల్లిని నడిపించి ఆ ట్యూనుకు మాటలు రాసిన ఒక జంటకు వచ్చింది. పాట బాగుందని గిటారిస్టు నిజాయితీగా ఒప్పుకున్నాడు. గాయకుడు ఒక పూట అన్నం మానేసి, రెండో పూట కలిపి తిన్నాడు.

డ్రమ్మర్ నడుచుకుంటూ క్లినిక్‌కి వెళ్లాడు. ఎందుకొచ్చావని అడిగితే, ఫలితం చెప్పమని అమ్మమ్మ అడిగింది కదా అని సమాధానం సిద్ధం చేసుకున్నాడు. అమ్మమ్మ అలాంటిదేం అడగలేదు.

లోపల ఎవరో పేషెంటు ఉన్నారు. వరండాలో అమ్మమ్మ పక్కన కూర్చుని, ఓడిపోయాం అన్నాడు. ఆవిడ తలూపి, "వాన చప్పుడవుతోంది, ఇటు జరుగు, తడుస్తావ్," అంది.

అతను తల తిప్పి చూశాడు. సన్నటి జల్లు. వరండా పక్కన రేకు మీద, మెట్ల మీద, మొక్కల ఆకుల మీద పడుతోంది. రోడ్డు అప్పటికే నల్లగా తడిసింది. అతనికి ఏమీ వినబడలేదు. చెవి ఒగ్గి విన్నాడు. రేకు మీద చినుకు దూకడం కనబడుతోంది, చప్పుడు లేదు. పక్కనున్న ముసలావిడకు వినబడుతున్న వాన తనకు వినబడడం లేదు. పెట్టె, ఓట్లు, పిల్లి, అన్నీ ఒక్కసారిగా మనసులోంచి పోయాయి.

పేషెంటు బయటికి రాగానే అతను లోపలికెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఆమె హెడ్‌ఫోన్ తగిలించింది.

ఈసారి ఆమె చెయ్యి అడ్డదిడ్డంగా నడిచింది. ఒక శబ్దం వెంట ఇంకోటి, తర్వాత ఎంతకీ ఏమీ లేదు. డ్రమ్మర్ ప్రాణానికి అది నరకం. అయినా కళ్లు మూసుకుని, విన్నవాటికే నొక్కాడు. చాలాసార్లు ఊరకే ఉండిపోయాడు.

ఆమె తలుపు తీసుకుని వచ్చి, ఉన్నదున్నట్టు చెప్పింది. సన్నటి శబ్దాలు కొన్ని పోయాయి. అవి తిరిగి రావు. మిగతావి బాగున్నాయి. చెవి కొలతకు ప్లగ్గులు చేయించుకుని, సెల్లార్‌లో స్పీకర్లు తగ్గించి, మధ్యమధ్య చెవులకు విశ్రాంతి ఇస్తే కాపాడుకోవచ్చు.

"డ్రమ్స్ మానెయ్యాలా?"

"అక్కర్లేదు. ప్లగ్గులు మానెయ్యకూడదు."

అతను ఊపిరి పీల్చుకున్నాడు. కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు. ఆ ధైర్యంతోనే, ఆ రోజు మైదానంలో మీరెందుకు పెట్టుకున్నారు, అంత ఘోరంగా ఉందా అని అడిగేశాడు.

ఆమె జుట్టు వెనక్కి తోసుకుంది. తాళం తప్పింది. ఇంకో పరీక్ష మిగిలుందని, తను ఒక్కో మాటా అంటే అతను తిరిగి అనాలని, వినబడకపోతే ఊరుకోవాలని చెప్పి తలుపు మూసేసింది.

కిటికీ అవతల కూర్చుని, పెదాల కదలిక కనబడకుండా అట్టముక్క అడ్డం పెట్టుకుంది. అది పరీక్ష నియమం. కళ్లు మాత్రం కనబడుతున్నాయి.

"కుర్చీ," అంది హెడ్‌ఫోన్‌లో.

"కుర్చీ."

"తలుపు."

"తలుపు."

"నారింజ ప్లగ్గులు."

"నారింజ ప్లగ్గులు."

"పెట్టుకుంటే పాట పలచబడుతుంది."

"పెట్టుకుంటే పాట పలచబడుతుంది."

"గిటారు ఆనదు. గాయకుడు ఆనడు. మిగిలేది డ్రమ్సే."

"గిటారు ఆనదు. గాయకుడు ఆనడు. మిగిలేది... డ్రమ్సే."

"నా చెవులు నాకు అన్నం పెడతాయి కాబట్టి ఎలాగూ పెట్టుకుంటాను. ఆ రోజు సగం అందుకు, సగం ఇందుకు."

నియమం ప్రకారం ఇది పొడుగు మాట. అయినా అక్షరం పోకుండా తిరిగి చెప్పాడు.

"యాభై ఏళ్ల తర్వాత నా చెవులు పోయి, మొదట ఏం వింటావని ఎవరైనా అడిగితే, నీ పాటే అడుగుతాను. డ్రమ్స్ మాత్రమే చాలంటాను."

డ్రమ్మర్ మాట్లాడలేదు. మీరు కాస్తా నువ్వు అయిందని అతనికి స్పష్టంగా వినబడింది. ఇంకోసారి వినాలనిపించింది, అంతే. పరీక్షలో మాట్లాడకపోతే వినబడలేదని అర్థం. ఆమె మీట పెంచి, గొంతు కూడా పెంచి మళ్లీ చెప్పింది. అతను కదల్లేదు. మూడోసారి ఆమె ఇంకా గట్టిగా చెప్పింది.

"నాకు వినబడిందే," అంది వెనక గుమ్మంలోంచి అమ్మమ్మ. "వాడికి వినబడకపోవడమేంటి?"

ఆమె అట్టముక్క పట్టుకునే వెనక్కి తిరిగింది. "అమ్మమ్మా, నీ మిషన్ ఆపేసి ఉంది కదా."

"ఇవాళ బ్యాటరీ ఖర్చయితే అయిందిలే." ఆవిడ కిటికీలోంచి లోపలున్న మనిషిని ఎగాదిగా చూసింది. "మంచివాడే. నా పాటకి తాళం తప్పకుండా వేశాడు. వాళ్లమ్మని ఒకసారి రమ్మను, మాట్లాడతాను."

స్పాంజి గదిలోకి ఇవేవీ వినబడవు. డ్రమ్మర్‌కి కనబడింది మాత్రం, అట్టముక్క పూర్తిగా మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్న ఆడియాలజిస్ట్. బటన్ ఇంకా అతని చేతిలోనే ఉంది. ఈ పరీక్షకి దాంతో పని లేదు.

అతను నొక్కాడు. మిషన్ మీద ఎర్రలైటు వెలిగింది. మళ్లీ వెలిగింది, ఆగింది, గబగబా వెలిగింది. ఆమె అట్ట దించి చూసింది. ఈసారి ఆ నొక్కుడులో తాళమనేదే లేదు.