వెచ్చటి చెప్పులు

బిడ్డ కాపురముండే ఆ ఊరి పేరు పలకడానికి బక్కమ్మకు నోరు తిరగలేదు. బిడ్డతో మూడుసార్లు చెప్పించుకుని చిన్న నోటుబుక్కులో తెలుగు అక్షరాల్లో రాసుకుంది. రాత్రిబడిలో నేర్చుకున్న ఆ అక్షరాలే ఇప్పుడు ఆమెకు చేతికర్ర. మందు వేసుకుంటే రాస్తుంది. పొయ్యి ఆర్పితే రాస్తుంది.

చిట్యాల నుంచి జర్మనీ వచ్చిన రెండో వారమే పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది. గిన్నె మాడి ఇల్లంతా పొగ కమ్ముకుంది. ఆ సాయంత్రం అల్లుడు విజేందర్ గొంతు తగ్గించి అన్న మాట గోడ దాటి వినబడింది.

"అత్తమ్మకు యాది తప్పుతాంది. పాపను ఆమె మీద ఇడిసిపెట్టి డ్యూటీకి ఎట్ల పోతం?"

ఏడు నెలల పసిది. ఆ పాపను చూసుకోవడానికే బిడ్డ ప్రవళిక తల్లిని రప్పించుకుంది. ప్రవళిక అక్కడి దవాఖానలో నర్సు. మర్నాడే పాప గదిలో గోడకు చిన్న కెమెరా వచ్చింది. డ్యూటీలో ఉన్నా ఫోనులో పాప కనబడాలని పెట్టించామన్నారు. దాని ముందు నుంచి నడిచినప్పుడల్లా బక్కమ్మ తల దించుకునేది.

నవంబరులో ఒక ఆదివారం ప్రవళిక తల్లికి ఊరు చూపించింది. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. నల్లటి దూలాల నడుమ తెల్లసున్నం పూసిన ఇళ్ళు, రాళ్ళు పరిచిన వీధులు, కింద సన్నగా పారే ఏరు, కొండ మీద సగం కూలిన కోట.

"మన భువనగిరి గుట్ట ముందల ఇదేపాటిదే?" అంది బక్కమ్మ.

"మెల్లగనవే. నీ ఇమానం టికెట్ పైసలు దండుగైనయని నాకే అనిపిస్తాంది," అని ప్రవళిక నవ్వింది.

కొండ దిగే దారిలో చిన్న రాతి చర్చి ఉంది.

"ఎన్కట గీడ సమాధి జాగకు గడువుండేదటమ్మా. గడువైనంక ఎముకలు తీసి ఇందుల పేర్చేటోళ్ళు. ఎవరియో మరిచిపోకుంట నుదుటి మీద పేర్లు రాసేటోళ్ళు. మెట్ల మీదికి పాప బండి ఎక్కది, నువ్వు చూసి రా."

చిట్యాలలో తమ చర్చికి పోయినట్టే బక్కమ్మ గుమ్మం బయట తోలు చెప్పులు విడిచింది. శాలువా తలమీద కప్పుకుని మేజోళ్ళతో లోపలికి నడిచింది.

లోపల తడిసిన సున్నం వాసన. ఆరిపోయిన మైనపు వత్తుల వాసన. గోడ పొడవునా పుర్రెలు, ఒకదాని మీద ఒకటి. ప్రతి నుదుటి మీదా ఆకుల దండ, దాని నడుమ ఒక పేరు. అడుగు వరసలో ఒకదాని మీద మాత్రం రాత చెరిగిపోయింది. బక్కమ్మ దాని ముందు వంగింది. అందరూ మరిచిపోయిన మనిషి అనిపించి జాలేసింది.

"నీ పేరేందమ్మా?" అని అడిగింది.

ఎక్కడా చప్పుడు లేదు. తన వెనక గాలి కొంచెం కదిలినట్టయింది. అంతే.

కాసేపటికి బయటికి వచ్చింది. గుమ్మం వైపు ముఖం పెట్టి విడిచిన చెప్పులు ఇప్పుడు దారి వైపు తిరిగి ఉన్నాయి. పట్టీలు తడిగా ఉన్నాయి. కాలు పెట్టింది. ఎముకలు కొరికే ఆ చలిలో చెప్పులు లోపల వెచ్చగా ఉన్నాయి... ఎవరో అప్పుడే విడిచినట్టు.

"ఏందే అమ్మా, పిలిస్తే పలకవు?" అంది ప్రవళిక.

"ఎప్పుడు?"

"ఇప్పుడే గద! శాలువా కప్పుకొని వచ్చి పాప దుప్పటి సర్ది, మళ్ళ లోపలికి పోతివి. యాదికి లేదా?"

ఆ చివరి మాటకు బక్కమ్మ చెయ్యి నోటుబుక్కు కోసం వెతికింది. తను బయటికి రాలేదు. నిజంగా రాలేదా? లేక వచ్చి మరిచిపోయిందా? బిడ్డ కళ్ళు తన ముఖంలో ఏదో వెతుకుతున్నాయి.

"యాదికెందుకు లేదు? నేనే వచ్చిన," అంది.

మర్నాడు బిడ్డా అల్లుడూ డ్యూటీలకు పోయారు. ఆ దేశంలో నవంబరులో నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. బక్కమ్మ నోటుబుక్కు తీసి రాసింది: 'నాలుగు గంటలు. పాప పడుకుంది. చెప్పులు తలుపు కాడ విడిచిన.' వంటింట్లో బియ్యం కడుగుతుంటే ఫోను మోగింది. ప్రవళిక.

"అమ్మా, పాపను పండవెట్టు. గంతసేపు ఎత్తుకొని నిలబడితే నీ మోకాళ్ళు పట్టుకుంటయి."

"నేను వంటింట్ల ఉన్న బిడ్డా."

 ప్రవళిక గుసగుసగా అంది.

"కెమెరల నీ వీపు కనబడతాంది. పాప నీ భుజం మీద ఉంది... నీ చేతుల ఫోను లేదు. మరి నాతోని మాట్లాడేది ఎవరు?"

బక్కమ్మ చేతిలో గిన్నె జారింది. పాప గది వైపు నుంచి అడుగుల చప్పుడు. టప్... టప్... తోలు చెప్పుల చప్పుడు. తడిసిన సున్నం వాసన. పరుగెత్తింది. తలుపు తోసింది.

ఎవరూ లేరు.

పాప ఉయ్యాలలో మేలుకుని ఉంది. ఖాళీ మూల వైపు చూసి నవ్వుతోంది. మెడ దాకా దుప్పటి సర్ది ఉంది. ఉయ్యాల కింద బక్కమ్మ చెప్పులు. వంగి ముట్టుకుంది.

వెచ్చగా...

"అమ్మా! అమ్మా! కెమెరల ఏం కనబడ్త లేదు!" ఫోనులో ప్రవళిక ఏడుస్తోంది.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. కానీ ఏమని చెప్పాలి? తలెత్తితే ఎదురుగా కెమెరా. అందులో బిడ్డకు కనబడింది తన వీపే. తల్లికి మతి పోయిందని రేపే దవాఖానకు తీసుకుపోతారు.

"భయపడ్డవా పిచ్చిదానా?" అని నవ్వు తెచ్చుకుంది. "ఫోను వంటింట్ల పెట్టి ఈడికెల్లి గట్టిగ మాట్లాడిన. మజాక్ చేసిన."

"ఇదేం మజాకే? నా పానం పోయింది!"

తెల్లారి బక్కమ్మ బిడ్డ కొనిచ్చిన బూట్లు తొడుక్కుని వంతెన దాకా పోయి చెప్పులను ఏట్లో విసిరేసింది. నీళ్ళు వాటిని లాక్కుపోయేదాకా నిలబడి చూసింది. నెల తిరగకముందే మోకాళ్ళ నొప్పులని వంక పెట్టి చిట్యాలకు వచ్చేసింది. ఆ ఇంట్లో పాపను వదిలి వచ్చానన్న సంగతి తలుచుకుంటే ముద్ద దిగేది కాదు. చెప్పులతోనే అదీ పోయి ఉంటుందని తనకు తాను చెప్పుకునేది.

పదిహేను రోజులకు ప్రవళిక ఫోను చేసింది.

"నీ తోలు చెప్పులు ఈడ్నే మరిచిపోయినవేందే? తలుపు కాడ ఉన్నయి."

బక్కమ్మ గబగబా నోటుబుక్కు తిప్పింది. తన అక్షరాలే: 'పొద్దున ఎనిమిది. చెప్పులు ఏట్ల ఇసిరిన.'

"ఈడ మంచు పడతాంది. అయినా ఎప్పుడు ముట్టినా వెచ్చగుంటయి. అదేం తోలమ్మా?"

నిజం నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడే ఫోను పక్కనుంచి విజేందర్ నవ్వు వినబడింది.

"పలుకుత లేదేంది? అత్తమ్మకు యాదికే లేనట్టుంది!"

బక్కమ్మ కళ్ళు మూసుకుంది.

"అవు బిడ్డా," అంది. "మరిచిపోయిన."

బిడ్డా అల్లుడూ ఫోను దగ్గరే నవ్వుకుంటున్నారు. వాళ్ళ నవ్వు వెనక, ఎక్కడో లోపలి గదిలో, ఎవరో ఎత్తుకుని ఆడిస్తున్నట్టు పాప కిలకిలా నవ్వింది.