సగం గోలీ

మొదటి షిఫ్టు సైరన్ కూసింది. మంచిర్యాల దగ్గరి బొగ్గుబాయి కాలనీలో హనుమండ్లు డ్యూటీకి పోయే ముందు తండ్రికి మందు ఇవ్వాలి. తల్లి సమ్మవ్వ వక్కలు కత్తిరించే అడకత్తెర అందుకొని, గోలీని రెండు ముక్కలు చేసి ఒకటి తండ్రి నోట్లో వేశాడు. నిన్ననే బోథ్ నుంచి వచ్చిన చెల్లెలు అనసూర్య, చాయ్ గ్లాసు పట్టుకొని అది చూసింది.

తండ్రి పోశం ముప్పై ఏళ్లు బాయిలో సర్దార్. కర్రతో పైకప్పును తట్టి, ఆ చప్పుడును బట్టి మనుషుల్ని లోపలికి పంపేవాడు. క్యాన్సర్ ఎముకలకు పాకిందనీ, ఇక నెలలేననీ హైదరాబాద్ డాక్టర్లు తేల్చేశారు. నొప్పికి మాత్రం గోలీలు రాసిచ్చారు.

"పేపర్ల ఏం రాసిండ్రు బిడ్డా, జర సదువు," అన్నాడు పోశం, అనసూర్య పేపరు విప్పుతుంటే.

"బాగుగాని రోగమున్నోళ్లు అడిగితే డాక్టర్లు సూది ఇచ్చి సాగనంపొచ్చా అని వాదులాడుతున్నరు బాపు. కొందరు చట్టం గావాలంటున్నరు. కొందరు పాపమంటున్నరు."

"పాపమన్నోని ఎముకలు నొస్తున్నయా అడుగు."

"పొద్దుగాల్నే గీ ముచ్చటేంది?" అంది సమ్మవ్వ.

"నన్ను సతాయించే పని పోతదని నీ ఫికర్."

"నలభై ఏండ్లు సతాయించిన. ఇంక తనివి తీరలే."

అందరూ నవ్వారు. పోశం నవ్వు సగంలోనే మూలుగైంది. ఊపిరి తీసుకొని అన్నాడు: "నేను మజాకుకు అంటలే. డాక్టర్‌ను అడుగుండ్రి. బాయిల కప్పు చిటపటమంటే బయటికి నడుస్తం. నా కప్పు గిప్పుడు చిటపటమంటుంది."

హనుమండ్లు బూటు లేసు వదిలేశాడు. "కప్పు అదిరితే ముందుగాల దాని కింద దుంగ నిలబెట్టుమన్నది నువ్వే. నేనడగ. గా మాట నా ఇంట్ల మళ్ల రావద్దు."

"నొప్పి బాపుది, హుకుం నీదా అన్నా?"

"ఏందే, చంపుమంటవా?"

"చంపుమంటలే. నువ్వు దుంగ పెడుతున్నవా మరి? డాక్టర్ పూటకు ఒక గోలీ రాస్తే సగమెందుకు ఏస్తున్నవు? సగం దుంగ కప్పుకు అందుతదా?"

హనుమండ్లు అడకత్తెర పక్కన మిగిలిన ముక్కను చూశాడు. "మత్తు గోలీలు అలవాటైతే ఇడువయన్నరు. నలుగురన్నరు. భయపడ్డ."

నెలలే మిగిలిన మనిషికి అలవాటవుతుందని భయం. సలహా చెప్పిన ఆ నలుగురూ రాత్రి హాయిగా పడుకొనే ఉంటారు. నొప్పి లేనివాళ్ల దగ్గర సలహాలకు కొదవుండదు.

పోశం కొడుకును తేరిపార చూశాడు. "ఓరి, సగమేనా? నేను రోజూ గా గోలీలు జేసినోన్ని తిట్టుకుంట పండుకుంటి."

హనుమండ్లు తండ్రి పాదాల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. పోశం ఆ తల మీద చెయ్యి వేశాడు. "లే బిడ్డా, షిఫ్టుకు ఆలిశమైతుంది. కడమ ముక్క గిటు తే."

పూటకు నిండు గోలీ ఇవ్వడం మొదలైన ఐదో రోజు హనుమండ్లు షిఫ్టు దిగి వస్తుంటే ఇంటి ముందు ఆడవాళ్లు గుంపుగా కనిపించారు. మసి మొహంతోనే అందరినీ తోసుకొని లోపలికి పోయాడు.

మంచం మీద పోశం గోడకు ఒరిగి కూర్చున్నాడు. ఎదురుగా సమ్మవ్వ. మధ్యలో పచ్చీసు గుడ్డ, గవ్వలు.

"మీ అవ్వ తొండి జేసింది. వాడకట్టంత చూసింది."

"ముసలోడు ఓడిపోయి మొత్తుకుంటుండు," అంది సమ్మవ్వ. తలుపు దగ్గర ఆడవాళ్లు పగలబడి నవ్వారు.

హనుమండ్లు మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. "బాపూ, రేపు డాక్టర్ దగ్గరికి పోతున్న. నువ్వన్న మాట గూడ అడుగుత. నొప్పి నీది."

పోశం గవ్వలు చేతిలోకి తీసుకున్నాడు.

"అడుగు. గా చట్టం రావాలె. నా అసొంటోనికి చేతిల ఉండాలె," అన్నాడు గవ్వలు గలగలలాడిస్తూ. "ఇయ్యాలైతే నాకు పురసత్ లేదు. మీ అవ్వను ఓడగొట్టేదుంది."