మూడో కోర్‌కి పని లేదు

2009 ఆగస్టులో వాగు పొంగిన రోజు, సాయంత్రం ఆరింటికి షాలేమ్‌రాజు మందుల అట్టపెట్టె చింపి, దాని వెనక లెక్క వేశాడు. వేసి నర్సు విశ్రాంతమ్మకు చూపించాడు.

"తొమ్మిదీ నలభై అయిదు దాకనే బ్యాటరీ అక్కా. పడవ పదింటికి గానీ రాదు. పావుగంట తక్కువ పడుతుంది."

"పావుగంట ఊపిరి ఆపుకొని ఉండమని చెప్పాల్నా ఆమెకు?" అంది విశ్రాంతమ్మ, సెలైన్ బాటిల్ మారుస్తూ.

చర్లకు పది కిలోమీటర్ల అవతల, అడవి అంచున ఉన్న చిన్న దవాఖానా అది. చర్చి వాళ్లు నడుపుతారు. రెండు గదులు, నాలుగు మంచాలు. డాక్టరమ్మ మంగళవారం మాత్రమే వస్తుంది. మిగతా రోజులు విశ్రాంతమ్మ, కంప్యూటర్ చూసుకునే షాలేమ్‌రాజు, ఇద్దరే. ఆ రోజు మూడో మనిషి దేవ్లా. అతని భార్య హేమ్లి మంచం మీద ఉంది. తెల్లవారుజామున చాప మీద పడుకుని ఉండగా కట్లపాము కరిచింది. దేవ్లా ఆమెను భుజాన వేసుకుని ఆరు కిలోమీటర్లు నడిచి తెచ్చాడు. ఇంజెక్షన్లు పడ్డాయి. కానీ మధ్యాహ్నానికి రెప్పలు వాలిపోయాయి, తర్వాత మెడ వాలింది, ఆ తర్వాత ఊపిరి.

ఊపిరి యంత్రం పెట్టారు. ఎవరో దానమిచ్చిన పాత యంత్రం. దానికి సొంత బుర్ర లేదు. ఎప్పుడు గాలి ఊదాలో, ఎంత ఊదాలో పక్కనున్న కంప్యూటర్ చెప్పాలి. కంప్యూటర్ ఆగితే గాలి ఆగుతుంది. ఫోన్ టవర్ పోయే ముందు డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది: "పది దాకా ఆమెను మిషన్ మీద ఉంచండి. పడవ పంపిస్తున్నా. చర్ల వైపు ఒడ్డున 108 నిలబడి ఉంటది."

కరెంటు పొద్దున్నే పోయింది. ఉన్నవి రెండు బ్యాటరీలు. వాటిలో వాడుకోగలిగింది పద్దెనిమిది వందల వాట్ అవర్లు. యంత్రానికి గంటకు మూడు వందల ముప్ఫై, కంప్యూటర్‌కు నూటయాభై.

"నా ప్రోగ్రామ్ పెడతా అక్కా," అన్నాడు షాలేమ్‌రాజు. "ఇది మామూలు కంప్యూటర్ కాదు, నాలుగు కోర్ల ప్రాసెసర్. నాలుగు బుర్రలున్నట్టు. మనకు నాలుగూ ఎందుకు? ఏ బుర్ర మీద ఎంత పని పడుతోందో నా ప్రోగ్రామ్ సెకనుకోసారి చూస్తది. పని తక్కువుంటే దాన్ని నెమ్మది చేస్తది. నిమిషం పాటు పనే లేకుంటే ఆపేస్తది. నూటయాభై కాస్తా తొంభైకి దిగుతది. అప్పుడు పదీ పదిహేడు దాకా ఉంటది కరెంటు!"

"నీ లెక్కలు విని ఏ పిల్ల చేసుకుంటది తమ్మీ నిన్ను?" అంది విశ్రాంతమ్మ. కానీ ఆమె ముఖం తేటపడింది.

తెర వెలుగు బాగా తగ్గించాడు. బల్బు ఆర్పి లాంతరు పెట్టాడు. తెర మీద నాలుగు ఆకుపచ్చ గీతలు నిలువుగా లేచి కూర్చున్నాయి. ఒక్కో కోర్‌కి ఒక్కో గీత.

బయట వాన. రేకుల మీద ఒకే హోరు. గదిలో డెటాల్ వాసన, తడిసిన గొంగడి వాసన. నిమిషానికి పదహారు సార్లు యంత్రం బుస్సుమంటోంది, హేమ్లి ఛాతీ లేస్తోంది. దేవ్లా ఆమె అరికాళ్లు రుద్దుతూ ప్రతి ఊపిరికీ పిలుస్తున్నాడు.

"హేమ్లీ... ఓ హేమ్లీ... పండుకోకే..."

కాసేపటికి షాలేమ్‌రాజుకు ఒకటి వింతగా తోచింది. నడుస్తున్నది ఒకటే ప్రోగ్రామ్. పని ఒక కోర్ మీదే ఉండాలి. కానీ నాలుగు గీతలూ కదులుతున్నాయి. మొదటిది హేమ్లి ఛాతీతో పాటు లేస్తోంది. రెండోది విశ్రాంతమ్మ లేచి నడిచినప్పుడు ఎగురుతోంది, కూర్చుంటే దిగుతోంది. మూడోది దేవ్లా చేతుల వేగంతో... నాలుగో గీత తను దాని వైపు చూసినప్పుడల్లా పైకి లేస్తోంది.

కాకతాళీయం అనుకున్నాడు. తలకాయ నొప్పిగా ఉంది కూడా.

ఏడుంపావుకు దేవ్లా చేతులు వణకడం చూశాడు.

"పొద్దుగాల నుంచి నిలబడే ఉన్నవ్. అరగంట కూర్చో దేవ్లా. ముగ్గురం ఒకేసారి కష్టపడుడు దండగ. వంతులు వేసుకుందాం."

"వద్దు సార్." దేవ్లా తల అడ్డంగా ఊపాడు. "పాము కరిచినోళ్ల కాడ ఎవ్వరు ఖాళీగ కూసోవద్దని మా అమ్మ అనేది. పని లేకుంటే ఉత్త రోలన్న దంచుమనేది."

"ఎందుకట?"

"ఖాళీ జాగ దొరికితే వచ్చి కూసుంటదంట సార్."

"ఏంది వచ్చి కూసునేది?"

దేవ్లా హేమ్లి అరికాళ్లు రుద్దుతూనే ఉన్నాడు.

షాలేమ్‌రాజు నవ్వాడు. "మీ అమ్మకు కోర్ల సంగతి చెప్పాలె. నాకు నీ బలం రాత్రి పదింటికి కావాలె, పడవ ఎక్కించేటప్పుడు. కూర్చో. సార్ చెప్పిండని కూర్చో."

చదువుకున్నవాడు చెప్పాడు గదా అని దేవ్లా గోడకు చేరగిలబడ్డాడు. రెండు నిమిషాల్లో తల మోకాళ్ల మీదికి వాలింది.

మూడో గీత పడిపోయింది. పూర్తిగా. తెర అడుగున ఒక వరస వచ్చింది: 'మూడో కోర్‌కి పని లేదు. ఆపబడింది.'

"చూసినవా అక్కా, పదిహేను వాట్లు మిగిలినయ్!"

ముందు వాసన వచ్చింది. వెంట్రుకలు కాలిన వాసన.

తర్వాత చప్పుడు. రాయి మీద రాయి నూరుతున్నట్టు. మెల్లగా... దగ్గరగా... దేవ్లా పళ్లు.

"దేవ్లా?" అంది విశ్రాంతమ్మ, మెల్లగా.

అతను లేచాడు. మోకాలు వంచకుండా, చేయి ఆనించకుండా, పడిపోయిన గుంజ దానంతటదే నిలబడినట్టు లేచాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. వాటిలో నల్లగుడ్డు లేదు.

"ఖాళీగుంది..." అన్నాడు. గొంతు అతనిది కాదు. నీళ్లలోంచి మాట్లాడినట్టుంది. "ఈడ ఖాళీగుంది..."

సెలైన్ స్టాండును ఒంటిచేత్తో పీకాడు. విశ్రాంతమ్మ చేయి అడ్డం పెట్టింది. ఎండిన కట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆమె ముంజేయి మధ్యలో వంగింది, తెల్లటి ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. ఆమె అరవలేదు. అరవడానికి ఊపిరి అందలేదు.

బల్ల మీద రబ్బరు సంచీ ఉంది. యంత్రం ఆగితే చేత్తో నొక్కి గాలి కొట్టడానికి. దేవ్లా దాన్ని నోటితో అందుకుని పళ్లతో చీల్చాడు. ఒకసారి. రెండుసార్లు. చిగుళ్ల నుంచి నెత్తురు కారింది. రబ్బరు ముక్కలు నములుతూ మంచం వైపు తిరిగాడు, హేమ్లి నోట్లో ఉన్న గొట్టం వైపు.

షాలేమ్‌రాజు కుర్చీ ఎత్తి అతని వీపు మీద వేశాడు. కుర్చీ విరిగింది. ఒక చేయి వెనక్కి వచ్చి షాలేమ్‌రాజు గొంతు పట్టుకుంది, పైకి లేపింది, కంప్యూటర్ బల్లకేసి కొట్టింది. కళ్ల ముందు నల్లటి చుక్కలు. వాటి మధ్య మూడు గీతలు. నాలుగు ఉండాల్సిన చోట మూడు.

కారణం అడిగే సమయం లేదు. వేళ్లకు అలవాటైన పని వేళ్లు చేశాయి. మూడో కోర్‌ని తెరిచాడు. ఊరికే అంకెలు కూడుతూ పోయే చిన్న ప్రోగ్రామ్‌ని దాని మీద వదిలాడు. మూడో గీత నూటికి ఎగిరింది.

గొంతు మీది పట్టు వదిలింది.

దేవ్లా నేల మీద కూలబడి ఉన్నాడు. నోటి నుంచి రబ్బరు ముక్క తీసి చూసుకున్నాడు. "ఏంది సార్ ఇది? అమ్మా... నీ చెయ్యి... ఎవలు చేసిన్రమ్మా?"

తెర మీద రెండో గీత దిగుతోంది. విశ్రాంతమ్మ తల పక్కకు వాలుతోంది. షాలేమ్‌రాజు తన ప్రోగ్రామ్‌ని మూసేశాడు. మూసినా గీతలు దిగడం ఆగలేదు. నాలుగో గీత కూడా వణికింది, అతని చెవుల్లో ఎవరో పళ్లు నూరారు. నాలుగు కోర్ల మీదా అంకెల పని పడేశాడు. నాలుగూ నూటికి వెళ్లాయి. గది తేలికైంది. మూడోదాన్ని యాభైకి తగ్గించి చూశాడు. దేవ్లా నల్లగుడ్లు పైకి జారాయి. చటుక్కున నూరు చేశాడు.

సమయం ఏడున్నర. అట్టముక్క తీసుకున్నాడు. నెత్తుటి చేత్తోనే రాశాడు. మిగిలింది పదకొండు వందల డెబ్భై. నాలుగు కోర్లూ నిండుగా నడిస్తే గంటకు నాలుగు వందల ఎనభై. అంటే తొమ్మిదీ యాభై ఆరు.

నాలుగు నిమిషాలు తక్కువ. చేత్తో నొక్కే సంచీ లేదు.

ఒక్క కోర్ ఆపితే పదీ ఒకటి.

అతను రెండుసార్లు లెక్క వేశాడు. మూడోసారి వేస్తుంటే దేవ్లా అడిగాడు. "ఏమన్న అడ్డమా సార్?"

షాలేమ్‌రాజు చెప్పాడు. గీతల గురించి, నలుగురి గురించి, నాలుగు నిమిషాల గురించి. దేవ్లా హేమ్లి వంక చూశాడు. తర్వాత గోడకున్న ఇనుప కిటికీ చువ్వల వంక చూశాడు.

"నన్ను కట్టెయ్ సార్. గట్టిగ కట్టు."

"వద్దు తమ్మీ," అంది విశ్రాంతమ్మ. "ఇంకో దారి చూడు."

ఇంకో దారి అతను చూడలేదు. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నాడో. అప్పుడు మాత్రం స్ట్రెచర్ పట్టీలు, సెలైన్ గొట్టాలు, హేమ్లి తడి చీర, అన్నీ కలిపి దేవ్లా చేతులు చువ్వలకు కట్టేశాడు. దేవ్లా చివరిసారి పిలిచాడు. "హేమ్లీ... పండుకోకే..."

మూడో కోర్ ఆపాడు.

రెండున్నర గంటలు. కట్టిన చేతులను, దేవ్లాలో వచ్చి కూర్చున్నది తనంతట తానే విరుచుకుంది, ముందు కుడి మణికట్టు, తర్వాత ఎడమది. తలను గోడకేసి కొట్టుకుంది, సున్నం రాలి ఇటుక ఎర్రగా బయటపడేదాకా. పెదవులు కొరికి ఉమ్మింది. మధ్య మధ్య ఆగి, చాలా ప్రేమగా, గుసగుసగా మాట్లాడింది.

"ఇంకొకటి ఆపు సార్... ఇంకో పదిహేను మిగుల్తయ్ గద... లెక్క చెయ్యి..."

అతని మనసు నిజంగానే లెక్క చేసింది. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

తొమ్మిదింటికి విశ్రాంతమ్మ కళ్లు మూతపడసాగాయి. చేతికి కట్టిన గుడ్డ నల్లగా నానింది. కోర్ నూరు మీదే ఉన్నా ఆమె గీత ఎనభైకి, డెబ్భైకి జారుతోంది.

"అక్కా, లే. పేర్లు చెప్పు. నీ పిల్లల పేర్లు చెప్పు."

"పండుకోనీ రాజూ... ఒక్క నిమిషం..."

అతను ఆమె చెంప మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఆమె పెదవి చిట్లింది. గీత లేచింది. దిగినప్పుడల్లా కొట్టాడు. పదకొండు సార్లు. ఆ లెక్క కూడా అతని దగ్గర ఉంది.

తొమ్మిదీ యాభై ఎనిమిదికి నీళ్ల మీద టార్చి వెలుగు కనపడింది.

పడవ నడిపే పూల్‌సింగ్, 108లో పనిచేసే ధన్‌సింగ్ లోపలికొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయారు. "గిదేంది సార్... ఎవలు కొట్లాడిన్రు?"

"తర్వాత. ముందు సంచీ పెట్టు!"

ధన్‌సింగ్ కొత్త సంచీ బిగించి నొక్కడం మొదలెట్టాక, షాలేమ్‌రాజు మూడో కోర్ తెరిచాడు. చువ్వలకు వేలాడుతున్న దేవ్లా నీళ్లు అడిగాడు. అతని గొంతుతోనే. షాలేమ్‌రాజు అక్కడే కూర్చుని ఏడ్చాడు. యంత్రం ప్లగ్ పీకాడు. కంప్యూటర్‌ని ఆపడానికి మాత్రం చేయి రాలేదు. నడుస్తుండగానే వదిలేసి వచ్చాడు.

పడవలో కూర్చున్నాక మళ్లీ లెక్క మెదిలింది. యంత్రం లేదు గనుక, మిగిలిన కాస్త కరెంటుతో ఒక్క కంప్యూటర్ పదీ ఏడు దాకా నడుస్తుంది. తర్వాత నాలుగు గీతలూ ఒకేసారి పడిపోతాయి. అప్పుడు ఈ నలుగురూ?

ఆ లెక్క మాత్రం అతను ముందే వేయలేదు.

వరద నీళ్ల అవతల, దవాఖానా కిటికీలో కంప్యూటర్ తెర నీలి వెలుగు కనపడుతోంది. దాన్నీ గడియారాన్నీ మార్చి మార్చి చూశాడు. పదీ ఆరు. పదీ ఏడు. ఊపిరి బిగబట్టాడు.

ఏమీ కాలేదు. విశ్రాంతమ్మ మూలుగుతోంది. దేవ్లా విరిగిన చేతులు ఒళ్లో పెట్టుకుని భార్యనే చూస్తున్నాడు. తన చెవుల్లో వాన తప్ప ఏ చప్పుడూ లేదు. పదీ పది... పదీ ఇరవై... అందరూ బాగానే ఉన్నారు.

వెలుగు కూడా అలాగే ఉంది.

బ్యాటరీలో ఒక్క చుక్క మిగలకూడదు. అయినా ఉంది.

"అన్నా," అన్నాడు మెల్లగా, ధన్‌సింగ్ వైపు తిరిగి. అని ఆగిపోయాడు.

ధన్‌సింగ్ సంచీ నొక్కడం లేదు. అది అతని ఒళ్లో పడి ఉంది. అతను నోరు తెరుచుకుని హేమ్లిని చూస్తున్నాడు.

ఆమె ఛాతీ లేచింది. దిగింది. మళ్లీ లేచింది. షాలేమ్‌రాజు గడియారం చూసి లెక్కపెట్టాడు. నిమిషానికి పదహారు. ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు.

"నేను ఆపి శానాసేపైంది సార్," అన్నాడు ధన్‌సింగ్. "చెయ్యి గుంజి ఆపిన. గాలి ఎవలు కొడుతున్రో..."

పడవ ఒక మద్దిచెట్టు పక్కగా సాగింది. లావాటి మాను కిటికీ వెలుగుకు అడ్డం వచ్చింది.

హేమ్లి ఛాతీ ఆగింది.

మాను దాటింది. వెలుగు కనపడింది. ఛాతీ లేచింది.

"పూల్‌సింగన్నా... పడవ ఆపు... వెనక్కి తిప్పు..."

"గీ నీళ్లల్ల తిప్పుతే అందరం పోతం సార్! ఏమైందిప్పుడు?"

షాలేమ్‌రాజు ముందుకు చూస్తున్నాడు. అక్కడ దట్టంగా అడవి మొదలవుతోంది.